నలభై నాలుగో చీటీ

“ఎప్పుడు మొదలైంది?”

డాక్టరమ్మ ఆ మాట అడగడం అది మూడోసారి. జవాబు చెప్పడానికి మంచం చుట్టూ ముగ్గురం ఉన్నాం. పేషెంటు భార్యని నేను, నా తమ్ముడు, మా ఫ్యాక్టరీ మేనేజరు.

మంచం మీద మా ఆయన. నోటి కుడి కొస కిందికి జారిపోయింది. మాటకు బదులు గొంతులోంచి ఊఁ ఊఁ అని మూలుగు వస్తోంది. డాక్టరమ్మ ఆయన రెండు చేతులూ పైకెత్తి వదిలింది. ఎడమది గాల్లో నిలబడింది. కుడిది తడిగుడ్డలా కింద పడింది.

ఇరవై రెండేళ్ళుగా మా ఇంటిని నడిపిస్తున్నది ఆ కుడి చెయ్యే. మా ఆయన బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టరు. ఎనభై పొరల గుడ్డ పరిచి పైన మిషన్ నడిపితే, అడుగు పొరకూ పై పొరకూ నూలుపోగంత తేడా రాదు. అలాంటి చెయ్యి ఇప్పుడు మంచం అంచు నుంచి వేలాడుతుంటే, దాన్ని తీసి పక్క మీద పెట్టాలన్న ఆలోచన కూడా ఆ ఇద్దరు మగాళ్ళకి రాలేదు. నేనే పెట్టాను.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. మా మేనేజరుకి ఏదైనా విద్య ఉందంటే అదొక్కటే. అంబులెన్సు వాళ్ళు రాసుకున్న కాగితంలో టైము ఉంది కదా అని, అదేదో తన పరిధి దాటిన విషయం అన్నట్టు చెప్పాడు.

డాక్టరమ్మ కాగితం చూసింది. ఉదయం ఎనిమిదిన్నర అని ఉంది. గోడ గడియారం చూసింది. ఒంటిగంటా ముప్పై అయిదు.

“ఇది పక్షవాతం. మెదడుకి రక్తం తీసుకెళ్ళే నాళంలో గడ్డ అడ్డం పడినట్టుంది. కరిగించే మందు ఉంది. కానీ మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. ఎనిమిదిన్నరకే అయితే ఒంటిగంటకే ఆ గడువు అయిపోయింది. ఆలస్యంగా ఇస్తే మెదడులో రక్తం కారి మనిషే పోవచ్చు. అందుకే అడుగుతున్నా. నాకు కావలసింది నిజమైన టైము, మీకు నచ్చిన టైము కాదు.”

అంటూనే ఆమె మంచాన్ని స్కానింగు గదికి తోయించింది. మెదడులో రక్తస్రావం లేదని ముందు తేలాలట. స్కానింగు అయి వచ్చేసరికి తనకి జవాబు కావాలంది. పావుగంట.

నా ఉద్యోగం తప్పులు పట్టడం. అదే ఫ్యాక్టరీలో పై అంతస్తులో చెకింగ్ బల్ల దగ్గర కూర్చుంటాను. కుట్టు వంకరపోతే, బొత్తాం వదులైతే ఎర్ర స్టిక్కరు అంటిస్తాను. రోజుకి ఆరువందల చొక్కాలు. పదకొండేళ్ళుగా చూస్తున్నాను కాబట్టి ఒకటి చెప్పగలను. ఏ చొక్కా కూడా మనిషంత మోసం చెయ్యదు.

ఎనిమిదిన్నర అన్న మాటకి నా మనసులో ఎర్ర స్టిక్కరు పడింది.

అంబులెన్సులో నేను వెనక మా ఆయన తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తమ్ముడు ముందు సీటులో ఉన్నాడు. టైము చెప్పింది వాడే. ఇప్పుడు వాణ్ణి పక్కకి లాగి ఎందుకలా చెప్పావని అడిగాను. మేనేజరు ఫోనులో అలాగే చెప్పమన్నాడక్కా, నేనేం చెయ్యను అన్నాడు. ఏడుస్తున్నాడు. ముక్కు తుడుచుకుంటున్న చేతి మీద ఆకుపచ్చ బ్యాడ్జి ఊగుతోంది.

ఆ బ్యాడ్జి సంగతి చెప్పాలి. ఫ్యాక్టరీలో వాడి పేరే బ్యాడ్జి. రెండేళ్ళ కిందట వాణ్ణి ఒక పూట తరగతికి పంపి ప్రథమ చికిత్స నేర్పించారు. మధ్యాహ్నం భోజనం కూడా పెట్టారట, ఆ తరగతిలో వాడికి బాగా గుర్తున్నది అదే. తిరిగొచ్చాక వాడికి బ్యాడ్జి, ఒక తాళం ఉన్న తెల్ల పెట్టె, ఒక బోర్డు ఇచ్చారు. పెట్టెలో దూది ఉండాలి. వాడు దువ్వెన, సెంటు సీసా పెట్టుకున్నాడు. బోర్డు గేటు పక్కన ఉంటుంది. ‘ప్రమాదం లేని రోజులు’ అని పైన రాసి, కింద రేకు అంకెలు తగిలిస్తారు. రోజూ పొద్దున వాడు ఒక రేకు తీసి ఇంకో రేకు తగిలిస్తాడు. అంతకు మించి వాడు చేసే పనేంటో నేను ఇంతవరకు కనిపెట్టలేకపోయాను.

ఆ రోజు బోర్డు మీద మూడువందలు పడింది. మూడువందల రోజులు ప్రమాదం లేకుండా గడిస్తే పెద్దాయన, అంటే మా యజమాని, స్వయంగా వచ్చి బోర్డు పక్కన నిలబడి ఫోటో తీయించుకుంటానన్నాడు. బ్యాడ్జిని సేఫ్టీ ఆఫీసరుగా ఖాయం చేస్తానన్నాడు. వారం నుంచీ ఫ్యాక్టరీ మొత్తం ఆ ఫోటో కోసమే ఊపిరి పీలుస్తోంది. ఎవడి వేలికైనా సూది గుచ్చుకుంటే నోట్లో పెట్టుకుని చీకమన్నారు. రాయొద్దన్నారు. ఒకావిడ కళ్ళు తిరిగి పడిపోతే కుర్చీతో సహా ఎత్తి సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. ఒంట్లో బాగాలేకపోవడానికీ ప్రమాదానికీ తేడా చెప్పగలిగినవాడు ఆ ఫ్యాక్టరీలో ఒక్కడు లేడు. జబ్బు బోర్డు లెక్కలోకి రాదు. అంబులెన్సు వచ్చినంత మాత్రాన అంకె మళ్ళీ సున్నా కాదు. బోర్డు అడుగున చిన్న అక్షరాలతో ఆ ముక్క రాసే ఉంది. మూడువందల రోజులు దాని ముందు నిలబడి అంకెలు మార్చిన మా తమ్ముడు అది చదవలేదు. వాడు చదివిన అక్షరాలన్నీ పెద్దవే.

పన్నెండింటికి పెద్దాయన వచ్చాడు. అందుకని పదకొండున్నర నుంచే పైకీ కిందికీ మధ్య తలుపు మూసేశారు. పన్నెండూ యాభైకి తలుపు తెరిచాక నేను భోజనం డబ్బా పట్టుకుని కిందికి దిగాను. కటింగ్ బల్ల దగ్గర మా ఆయన లేడు. మిషన్ తిప్పుతున్నది అసిస్టెంటు. మాస్టరేడీ అంటే తల దించుకుని మిషన్ తిప్పుతూనే ఉన్నాడు. తమ్ముడు పరుగెత్తుకొచ్చి, బావ గోడౌనుకి వెళ్ళాడక్కా, నువ్వు తినేసెయ్ అన్నాడు.

మా ఆయన నాకు చెప్పకుండా బడ్డీ కొట్టుకి కూడా వెళ్ళడు. అడుగుతూ కూర్చోకుండా వెతికాను. చొక్కాలు తొడిగి కొలతలు చూసే చిన్న గది ఉంది, దానికి తెర ఉంటుంది. తెర లాగాను. గుడ్డ చుట్టల మీద పడుకోబెట్టి ఉన్నాడు. చొక్కా ముందంతా తడి. పక్కన గ్లాసు, గ్లూకోజు పొడి. మింగలేని మనిషికి పట్టించారన్నమాట. పొలమారి దగ్గుతున్నాడు. పైన గోడ మీద రంగుల కాగితం, ఆ పూట తరగతిలో ఇచ్చింది. మూడు బొమ్మలు. వంకరపోయిన మూతి, వాలిపోయిన చెయ్యి, తడబడే మాట. కింద పెద్ద అక్షరాలతోనే రాసి ఉంది, వీటిలో ఒక్కటి హఠాత్తుగా వచ్చినా వెంటనే అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి అని. ఆ కాగితం అంటించింది మా తమ్ముడే. నాలుగు మూలలా టేపు వేసి, నీటుగా.

బొమ్మల కింద బొమ్మలాగే పడుకుని ఉన్నాడు మా ఆయన.

నేను ఫోన్ తీశాను. అప్పుడొచ్చాడు మేనేజరు, చెమటలు కక్కుతూ. పెద్దాయన కారు ఇంకా గేటు దగ్గరే ఉందట. అయిదు నిమిషాలు ఆగితే కంపెనీ వ్యానులో తీసుకెళ్దామన్నాడు. కనీసం పక్క గేటు నుంచి రమ్మనమన్నాడు. నేను అంబులెన్సుని ముందు గేటుకే రమ్మన్నాను. బోర్డు పక్కకే.

ఇదీ ఒంటిగంట వరకూ జరిగింది. మరి ఎనిమిదిన్నర ఎక్కణ్ణుంచి ఊడిపడింది?

అది పూర్తిగా అబద్ధం కాదు.

స్కానింగు గది బయట బెంచీ మీద మేనేజరు నాకు నచ్చజెప్పే పనిలో పడ్డాడు. మెల్లిగా, మంచి మాటలతో. పొద్దున గేటు దగ్గరే మాస్టరుకి బాగాలేదని అందరూ చూశారు కదమ్మా, ఇంటి దగ్గర నుంచే అలా వచ్చాడు, ఫ్యాక్టరీలో ఏమీ జరగలేదు, అలా అయితే మీకూ ఇబ్బంది ఉండదు, మాకూ ఉండదు అన్నాడు. ఎనిమిదిన్నర దాటితే తన నెత్తి మీదకి వస్తుంది. ఎనిమిదిన్నరకి ముందు అయితే నా నెత్తి మీదకి వస్తుంది. ఆ మాటకి అర్థం అంతే. ఆ అబద్ధంతో మా ఆయనకి మందు అందకుండా పోతుందన్న సంగతి ఆ బుర్రకి అప్పటికీ ఎక్కలేదు. రెండు నిమిషాల కిందట డాక్టరమ్మ పలక మీద రాసి చూపించినట్టు చెప్పింది. చెవిలో పడింది, అక్కడే ఆగిపోయింది.

డాక్టరమ్మ బయటికొచ్చింది. రక్తస్రావం లేదు, గడ్డే అంది. ఒంటిగంటా యాభై.

“పొద్దున ఎనిమిదిన్నరకి ఏమైందో మీరు చెప్పండి,” అని నన్నే అడిగింది.

చెబితే నా పరువు పోతుంది. చెప్పకపోతే మా ఆయన చెయ్యి పోతుంది. తూకం వెయ్యడానికి అంతసేపు పట్టకూడదు. నాకు మూడు క్షణాలు పట్టింది. ఆ మూడు క్షణాలకి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

చెప్పాను. గేటు దగ్గర హాజరు పుస్తకంలో సంతకం పెట్టబోతే ఆయన చేతిలోంచి పెన్ను జారింది. వంగి తీశాడు, మళ్ళీ జారింది. మూడోసారి కూడా. ఏదో అనబోయాడు, మాట ముద్దగా వచ్చింది. వాచ్‌మన్ చూస్తున్నాడు, మా తమ్ముడు చూస్తున్నాడు, వెనక లైను మొత్తం చూస్తోంది. నాకు తల కొట్టేసినట్టయింది. ‘పొద్దున్నే ఎవరు పోశారయ్యా నీకు?’ అన్నాను. అందరూ నవ్వారు. తాగుడు వాసన కూడా పడని మనిషిని పట్టుకుని నేనా మాటన్నాను, అందరూ నవ్వారు, మా తమ్ముడు అందరికంటే ఎక్కువ నవ్వాడు.

“తర్వాత?”

“పది నిమిషాలు బెంచీ మీద కూర్చున్నాడు. లేచాడు. సంతకం పెట్టాడు. పనిలోకి వెళ్ళాడు.”

“పూర్తిగా తగ్గిందా? మూతి, చెయ్యి, మాట, అన్నీ? బాగా గుర్తు చేసుకుని చెప్పండి.”

“పూర్తిగా తగ్గింది. లేవగానే నన్ను తిట్టాడు. ‘నీ నోటికి తాళం వేసేవాడు ఇంకా పుట్టలేదే’ అన్నాడు. ఒక్క అక్షరం తడబడలేదు.”

డాక్టరమ్మ నవ్వలేదు. అది మొదటి హెచ్చరిక అంది. పది నిమిషాల్లో తగ్గిపోయినా సరే, అప్పుడే ఆసుపత్రికి రావలసింది, తగ్గిందని పనిలోకి వెళ్ళడం కాదు అంది. నేను రోజూ చొక్కాల మీద అంటించే స్టిక్కరు ఎలా ఉంటుందో మొదటిసారి నా నుదుటి మీద తెలిసింది. కానీ ఆ తర్వాత ఆమె అన్న మాటే అసలు సంగతి. పొద్దుటిది పూర్తిగా తగ్గిపోయి ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదట. రెండోసారి ఎప్పుడొచ్చింది, దానికి ముందు చివరిసారిగా బాగున్నట్టు ఎవరు చూశారు, ఆ టైము నుంచే గడియారం మొదలు.

“ఎవరు చూశారు?” అని ముగ్గుర్నీ అడిగింది.

మేనేజరు నేల చూశాడు. తాను పొద్దుటి నుంచీ పెద్దాయన పనుల్లో గేటు దగ్గరే ఉన్నానన్నాడు. తమ్ముడు పైకప్పు చూశాడు. తాను బోర్డు తుడుస్తున్నానన్నాడు. ఎంత పెద్ద బోర్డో, పొద్దుటి నుంచీ తుడుస్తూనే ఉన్నాడు. బావ బాగున్నాడని చెప్పడం ఎంత తేలికైన మాట. కానీ బాగుండగా చూశానన్నవాణ్ణి, పడిపోయాక ఏం చేశావు అని కూడా అడుగుతారు. ఆ రెండో ప్రశ్న కోసం మొదటి ప్రశ్నకి నోరు మూసుకున్నారు.

మనుషులు నోరు విప్పరని తేలిపోయింది. గుడ్డని అడుగుదామనుకున్నాను.

మా కటింగులో ఒక పద్ధతి ఉంది. కోసిన గుడ్డ ముక్కల్ని కట్ట కడతారు. ప్రతి కట్టకీ ఒక చీటీ. చీటీ మీద నంబరు, సైజు, ముక్కలెన్ని అనేవి ఉంటాయి. బల్ల కొసన ఉన్న చిన్న మిషన్‌లో చీటీ పెడితే టైము గుద్దుతుంది. కింద కోసినవాడు సంతకం పెట్టాలి. రేపు చొక్కా భుజం పొట్టిదైతే ఎవణ్ణి తిట్టాలో తెలియడానికి ఈ ఏర్పాటు. తిట్టడం కోసం పెట్టిన ఏర్పాటు కాబట్టే మా ఫ్యాక్టరీలో అదొక్కటి సరిగ్గా నడుస్తుంది.

నా పక్క బల్ల మీద పనిచేసే అద్దాలక్కకి ఫోన్ చేశాను. కింద నుంచి కట్టలు పైకి తెచ్చుకునేది ఆమే. ఈ రోజు కట్టల చీటీలు అన్నీ వరసగా పరిచి ఫోటో తీసి పంపమన్నాను. ఎందుకో అడక్కుండా పరుగెత్తిన మనిషి ఆ రోజు మొత్తానికి ఆమె ఒక్కతే. నలభై మూడో కట్ట తనే తెచ్చుకున్నానని కూడా చెప్పింది. తలుపు మూసేలోపు వెళ్ళిందట.

ఫోను డాక్టరమ్మ చేతికిచ్చాను. మాస్టరు కట్ట రెండు చేతులతో ఎత్తాడా, నడిచాడా, మాట్లాడాడా అని ఆమె ఒక్కొక్కటే అడిగింది. స్పీకరులో అద్దాలక్క గొంతు ఆ వరండా అంతా వినపడింది.

“రెండు చేతులతోనే ఎత్తి నా భుజం మీద పెట్టాడమ్మా. మీ చెల్లెలికి, అంటే వాళ్ళావిడకి, కోపం తగ్గిందా లేదా అని అడిగాడు. మాట శుభ్రంగా ఉంది. మూతీ శుభ్రంగా ఉంది. నాకు అద్దాలున్నాయి కానీ కళ్ళు బాగానే కనపడతాయి.”

ఫోటో వచ్చింది. నలభై మూడు, మిషన్ గుద్దిన టైము పదకొండూ అయిదు. కింద మా ఆయన సంతకం, ఎప్పటిలాగే, ఒకే విసురులో. నలభై నాలుగు, పదకొండూ ఇరవై. సంతకం మొదటి అక్షరం దగ్గర బాగానే మొదలై, రెండో అక్షరంలో వణికి, అక్కణ్ణుంచి ఒక గీతగా మారి చీటీ అంచు దాటి బయటికి పోయింది. మనిషి కూలిపోవడం నేను చూడలేదు. ఆ గీతలో చూశాను.

“చివరిసారి బాగున్నది పదకొండూ అయిదు,” అంది డాక్టరమ్మ. “మూడూ ముప్పై అయిదు దాకా టైముంది. కానీ అంతదాకా ఆగే పని లేదు. ప్రతి నిమిషానికీ మెదడు కొంచెం కొంచెం చచ్చిపోతుంటుంది.”

సంతకం పెట్టమంది. ఆ మందుతో కూడా ప్రమాదం ఉందనీ, నూటికి కొందరికి రక్తస్రావం అవుతుందనీ దాచకుండా చెప్పింది. ఆ రోజు నాతో దాచకుండా మాట్లాడిన రెండో మనిషి. పెట్టాను. రెండుంబావుకి మందు ఎక్కించడం మొదలైంది.

అప్పుడు మళ్ళీ ఫోను చూశాను. అద్దాలక్క చీటీలన్నీ వరసగా పరిచింది. వరస నలభై నాలుగుతో ఆగలేదు.

నలభై అయిదు, పదకొండూ నలభై. నలభై ఆరు, పన్నెండూ పది. నలభై ఏడు, పన్నెండూ ముప్పై అయిదు. మూడింటి మీదా మా ఆయన సంతకం. తెర వెనక కుడి చెయ్యి చచ్చుబడి పడుకున్న మనిషి సంతకం, అక్షరాలు గుండ్రంగా, తీరిగ్గా.

అంటే పదకొండూ ఇరవైకే ఎవడో చూశాడు. పడిపోయినవాణ్ణి మోసుకెళ్ళి తెర వెనక పడేశాడు. కోత అసిస్టెంటుకి అప్పగించి, మాస్టరు బల్ల దగ్గరే ఉన్నట్టు కాగితం మీద గంటకి పైగా నడిపించాడు. పెద్దాయన ఫోటో అయ్యేదాకా. ఆ తర్వాత నేను తెర లాగేసరికి, ఎనిమిదిన్నర అనే కొత్త కథ మొదలెట్టాడు.

ఫోటోని వేళ్ళతో పెద్దది చేశాను. సంతకం కింద ఒక గీత, గీత కింద రెండు చుక్కలు. మా ఆయన చుక్కలు పెట్టడు.

ఆ చుక్కలు నాకు తెలుసు. అప్పటికి ఫోను బొడ్లో దోపేసుకున్నాను.

సాయంత్రం అయిదింటికి మా ఆయన కుడి చేతి బొటనవేలు కదిలింది. అయిదున్నరకి నాలుగు వేళ్ళూ. డాక్టరమ్మ తన రెండు వేళ్ళిచ్చి పిసకమంది. పిసికాడు. గట్టిగా కాదు, ఇడ్లీ పిండిని తాకినట్టు. కానీ పిసికాడు. రేపటి దాకా ఏ సంగతీ ఖాయంగా చెప్పనంది. మిషన్ పట్టుకోవడానికి నెలలు పట్టొచ్చు, పాత చెయ్యి పూర్తిగా రావచ్చు, రాకపోవచ్చు అంది. ఇంకో గంట ఆలస్యమైతే ఈ మాట కూడా చెప్పగలిగేదాన్ని కానంది.

ఆరింటికి పెద్దాయన దిగాడు. బూట్ల చప్పుడుతో సహా. వెనకాల మేనేజరు, మేనేజరు వెనకాల మా తమ్ముడు. అంబులెన్సు తన కారుకి ఎదురుగా వచ్చి ఆగడం ఆయన చూశాడట. ఫోటో తీయించుకున్న అరగంటకే తనని ఎవడు వెధవని చేశాడో తెలియాలి. మా ఆయన చెయ్యి ఎలా ఉందో మాత్రం అడగలేదు. ఆ వైపు చూడను కూడా లేదు.

తెర సంగతి అప్పటికే ఫ్యాక్టరీ అంతా పాకి ఆయన చెవిదాకా వెళ్ళింది. పడిపోయిన మనిషిని తెర వెనక దాచినవాడు ఎవడు అని అడిగాడు. మేనేజరు ముఖం సున్నం కొట్టినట్టయింది. గొంతు సవరించుకోవడం కూడా మర్చిపోయాడు. తనకి పన్నెండూ యాభై దాకా తెలియనే తెలియదన్నాడు. ఫోనులో ఎనిమిదిన్నర అని చెప్పమన్నది కూడా తాను కాదనీ, గేటు దగ్గర సంగతి బ్యాడ్జి చెబితే అదే నిజమనుకున్నాననీ అన్నాడు. ఎవరూ నమ్మలేదు. ఆ ముఖం ఎప్పుడూ నమ్మేలా ఉండదు. పదకొండేళ్ళలో ఆ మనిషి నోటి నుంచి వచ్చిన నిజం బహుశా అదొక్కటే, అదీ ఎవడూ నమ్మని రోజున.

మా తమ్ముడు అందుకున్నాడు. మేనేజరుగారు చెప్పమంటేనే చెప్పాను సార్, తెర కూడా ఆయనే లాగించారు సార్, చిన్న ఉద్యోగిని, ఎదురు చెప్పలేకపోయాను అన్నాడు. కన్నీళ్ళు నిజమైనవే. వాడి కన్నీళ్ళు ఎప్పుడూ నిజమైనవే, చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. పెద్దాయన మేనేజరు వైపు తిరిగి, రేపటి నుంచి రావక్కర్లేదన్నాడు.

అక్కడితో అయిపోయేది. మేనేజరు పోతే ఫ్యాక్టరీలో ఒక్కడు కూడా ఏడవడు, నేనైతే అసలే ఏడవను. మా అమ్మకి కొడుకు ఉద్యోగం నిలుస్తుంది. నేను నోరు మూసుకుంటే చాలు.

మంచం మీంచి మా ఆయన ఏదో అన్నాడు. అందరం తిరిగాం. నాలుక ఇంకా మందంగా ఉంది, కానీ మాట తెలిసింది.

“ఎవరూ... కాదు. నాకే... నిద్రొచ్చి... పడుకున్నా.”

అంటూ తమ్ముడి వైపు చూశాడు. బావ చూపు అది. చిన్నవాడు, తెలియక చేశాడు, వదిలెయ్ అన్నట్టు. మాట తిరిగొచ్చిన మొదటి గంటలో ఆయన దాన్ని ఖర్చుపెట్టింది నా తమ్ముణ్ణి కాపాడడానికి. తమ్ముడు ఆ చూపు అందుకుని, తల ఊపి, ముక్కు తుడుచుకున్నాడు. కృతజ్ఞత కూడా కాదు. హమ్మయ్య అనుకున్నాడు.

నేను ఫోను తీసి పెద్దాయన ముఖం ముందు పెట్టాను. నలభై అయిదు, నలభై ఆరు, నలభై ఏడు. మనిషి పడిపోయాక పెట్టిన సంతకాలు ఇవి, ఫోర్జరీ అన్నాను. తమ్ముడి ఏడుపు ఆగిపోయింది, కుళాయి కట్టేసినట్టు.

“అక్కా,” అన్నాడు. ఒక్కటే మాట.

మా నాన్న సంతకం కింద ఒక గీత గీసి రెండు చుక్కలు పెట్టేవాడు. ఆరో తరగతిలో మా తమ్ముడు మూడు సబ్జెక్టులు తప్పి, మార్కుల కార్డు మీద ఆ సంతకం తనే పెట్టాడు. పక్కన నిలబడి చూశాను. ఇంట్లో చెప్పొద్దక్కా అంటే చెప్పలేదు. ఆ తర్వాత వాడు ఎవరి సంతకం పెట్టినా చెయ్యి దానంతటదే చుక్కలు పెట్టేస్తుంది. చిన్నవాడు, తెలియక చేశాడు అని ఆ రోజు నేను అనుకున్నాను. పాతికేళ్ళుగా ఇంటిల్లిపాదీ అదే అనుకుంటూ వచ్చాం.

“ఎవరిది ఈ సంతకం?” అని పెద్దాయన అడిగాడు.

అద్దాల తలుపు అవతల డాక్టరమ్మ రాస్తున్న పెన్ను ఆపింది. మా ఆయన ఎడమ చేత్తో నా చీర కొంగు పట్టుకుని లాగాడు, వద్దని. నేను ఆ చేతిని విడిపించి, కుడి చెయ్యి పట్టుకున్నాను. వేళ్ళు మెల్లిగా నా వేళ్ళ చుట్టూ ముడుచుకున్నాయి.

“మా తమ్ముడిది,” అన్నాను. “బ్యాడ్జి పెట్టుకుని నిలబడ్డాడే, వీడిది.”